జమ్లి గర్భసంచికి ఊరు వేసిన శిక్ష

మా ఊళ్ళో వైద్యులకు ఏనాడూ కొదవ లేదు. చదువుకున్న వైద్యుడు మాత్రమే లేడు. కడుపునొప్పి అంటే చాలు, వాము నమలమనేవాళ్ళు, గాలి సోకిందనేవాళ్ళు, బొడ్డు జారిందనేవాళ్ళు వాకిట్లో బారులు తీరేవారు. ఇంతమంది ధర్మాత్ముల నడుమ కూడా జమ్లి నెలనెలా నేలమీద పడి మెలికలు తిరిగిందంటే, తప్పు ఆమెదే అయి ఉంటుంది కదా!

జమ్లిది మా ఊరిని ఆనుకుని ఇల్లెందు అడవి అంచున ఉన్న తండా. బీడీలు చుట్టే తునికాకు కోతలో ఆమె చేతికి ఎదురు లేదు. ఆ మాట చెప్పే అర్హత నాకుంది. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, రెండుసార్లు వార్డు మెంబరునై, పై బజారుకు బోరింగు వేయించిన నాగక్కను నేనే. కోసిన ఆకు కొనే కల్లంలో కట్టలు చూసి తీసుకునే పని మగవాళ్ళ చేతుల్లోంచి గుంజుకున్నదీ నేనే. నాకు ముందున్న పెద్దమనిషి పై ఆకుకు చిల్లుంటే కట్టకు కట్ట అవతల పారేసేవాడు. నేను వచ్చాక కట్ట విప్పి చూడాలన్నాను. చెడ్డ ఆకు తీసేయాలి, మంచిది ఉంచాలి. ఇప్పటికీ మా కల్లంలో అదే చట్టం.

ముట్టయిన ఆడది కల్లంలో అడుగుపెట్టకూడదని మా దగ్గర ఆచారం. దాని పుణ్యమా అని జమ్లి ఎప్పుడు రాలేదో, ఎందుకు రాలేదో ఊరందరికీ తెలిసేది. పైగా పెళ్ళయి ఏళ్ళయినా పిల్లలు లేరు.

"మాకు రాలేదా నొప్పులు? మేం గిట్ల పండుకున్నమా?" అనేది అత్త లాలి. లాలి ఆరుగురిని కన్నది. ఆ సంగతి మరిచిపోయే అవకాశం ఎవరికీ ఇచ్చేది కాదు.

2006 ఎండాకాలంలో ఆర్‌ఎంపీ దూలయ్య రంగంలోకి దిగాడు. దూలయ్య చూపు మహత్తరమైనది. మనిషిని ముట్టకుండా, నడక చూసే గర్భసంచి చెడిపోయిందని చెప్పేవాడు. ఆయన కన్ను పడిన సంచి కడుపులో నిలిచిన దాఖలా లేదు. టౌనులో ఒక నర్సింగు హోమువాళ్ళకు ఆయనంటే ఎంత గౌరవమో! వెళ్ళినప్పుడల్లా కూల్‌డ్రింకు తాగించి, జేబులో కవరు పెట్టి పంపేవాళ్ళు.

"సంచి తీయిస్తే పీడ పోతది రాందాసూ. ఎట్లాగూ కాయని చెట్టే గద," అన్నాడు జమ్లి మొగుడితో.

రాందాస్ తల ఊపాడు. ఎవరేం చెప్పినా ఊపుతాడు. అందుకే ఊళ్ళో అతనికి మంచివాడని పేరు.

నర్సింగు హోముకు తీసుకుపోను ఆటో వచ్చిన పొద్దున జమ్లి నా గడపలో నిలబడింది.

"నాగక్కా, చిల్లుపడ్డ కట్టనన్న నువ్వు విప్పి చూస్తవ్. నన్నెవ్వరు చూసిండ్రే? సంచి పోతే ఇగ నాకు పిల్లలు పుట్టరు గద!"

నా పద్ధతి నాకే అప్పజెప్పింది. ఇంకేముంది, అప్పటికే ఎక్కి కూర్చున్న దూలయ్యను దింపి ఆటో ఎక్కాను.

"ఓ నాగక్కా, నువ్వేమన్న డాక్టరువా?"

"నువ్వు కాదని మాత్రం నాకు ఎరుకే. జరుగు!"

ఖమ్మంలో డాక్టర్ మెహర్ దగ్గరికి తీసుకెళ్ళాను. మహిళా సంఘం మీటింగులో ఆమె మాట విని ఉన్నాను. నొప్పి ఎప్పుడు మొదలవుతుంది, మొగుడితో కలిసినప్పుడు ఉంటుందా, దొడ్డికి పోయేటప్పుడు ఉంటుందా అని ఒక్కొక్కటే అడిగింది. అడిగిన మనిషి మొదటిసారి దొరికినందుకే జమ్లి ఏడ్చింది.

"కింది నుంచి సన్న కెమెరా పెట్టి సంచి లోపల చూస్తం. హిస్టెరోస్కోపీ అంటరు. అదే మత్తుల బొడ్డు కాడ చిన్న గాటు పెట్టి, ఇంకో కెమెరాతోని సంచి బయట గూడ చూస్తం," అన్నది.

"సంచి తీసెయ్యరా మేడమ్?"

"చూడకుండ ఎట్ల తీస్తరమ్మా?"

అంత పెద్ద చదువు చదివి కూడా మా కల్లం చట్టాన్నే పాటిస్తున్నందుకు ఆమెను మెచ్చుకున్నాను.

మత్తు దిగాక జమ్లి మొదట అడిగింది ఒకటే. "ఉన్నదా?"

"ఉన్నది," అని నవ్వింది డాక్టరమ్మ. "సంచి లోపల మంచిగున్నది. పాలిప్ అని చిన్న కండ ఉండె, తీసేసిన. నీ నొప్పి బయటి నుంచి వస్తున్నది. సంచి లోపలి పొర అసొంటిది అండాశయం మీద, సంచి వెనుక పెరిగింది. ఎండోమెట్రియోసిస్. కనబడ్డ కాడికి కాల్చిన. మళ్ళ రావచ్చు, మందులు మానొద్దు. పిల్లలు పుడుతరని మాటియ్యలేను. దారైతే మూసుకపోలే."

అంటే ఊరంతా కలిసి ఉరిశిక్ష వేసిన సంచి నిర్దోషి. పాపం, దాని తరఫున వాదించడానికి ఒక కెమెరా కావలసి వచ్చింది!

మరుసటి ఎండాకాలం జమ్లి కల్లంలో నా పక్కనే కూర్చుని కట్టలు విప్పుతోంది. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ నేలమీద పడేయడం మానింది. పిల్లలు ఇంకా లేరు. లాలి లెక్క మాత్రం ఇంకా ఆరే. కెమెరా సంగతి రాందాసుకు తానే చెప్పానని దూలయ్య ఊరూరా చాటుకుంటున్నాడు. రాందాస్ దానికీ తల ఊపాడు.

ఆ రోజు దూలయ్య తలకు తువ్వాలు బిగించుకుని మా చెట్టు నీడకు వచ్చి కూలబడ్డాడు.

"పొద్దుగాల సంది తలకాయ ఒకటే నొస్తున్నది, జమ్లీ. జర్ర నీళ్ళియ్యి."

జమ్లి చెంబు అందించి, చేతిలోని కట్ట పక్కన పెట్టి, ఎంతో దయగా అడిగింది.

"ఆటో పిలువనా అన్నా? జల్దీ పోయి తీయించుకొస్తవ్."