లోపలికా, బయటికా

మార్కాపురం పలకల క్వారీ పక్కవీధిలో రహమత్‌బీ కుట్టుమిషన్ తొక్కుతున్నా ఒక చెవి బయటే ఉంటుంది. పన్నెండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసినామె. అక్కడ ఆపద సైరన్ మోగితే తలుపులు బిగించుకొని లోపలే ఉండాలి. ఇక్కడ క్వారీ సైరన్ మోగితే, పేలుడుకు ఇళ్లు అదురుతాయని అందరూ బయటికొస్తారు. వచ్చిన కొత్తలో ఆమె మనవరాలితో సహా లోపల గడియ పెట్టుకుంటే, వీధివాళ్లు తలుపు బాదినారు. మొన్న మధ్యాహ్నం ఆమె ఫోనులో ఎన్నడూ వినని మోత మోగింది. మనవరాలిని చంకనేసుకొని గడప దాకా పోయి ఆగిపోయింది. ఎదురింటి కామేశ్వరి ఫోను కూడా అట్లే అరుస్తోంది.

"లోపలికా, బయటికా అక్కా?"

కామేశ్వరి మెసేజ్ చదివింది. "ఎక్కడికీ వద్దు. ఊరికే గవర్నమెంటోళ్ల పరీక్షంట."

"నిజంగా ఆపద వస్తే ఏ మోత వస్తాది?"

"ఇదేనంట."

"అప్పుడు ఎటు పోవాల?"

కామేశ్వరి మెసేజ్‌ను పైకీ కిందికీ జరిపి చూసింది. ఆ సంగతి అందులో లేదు. రహమత్‌బీ పిల్లను కిందికి దించలేదు.