ఓబులేసు నోటితో కట్టిన ఊరు

పల్లెటూరి ఐకమత్యం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళను బెళుగుప్ప బస్టాండులో ఓబులేసు హోటల్ బెంచీ మీద ఒక పూట కూర్చోబెట్టాలి. ఉగ్గాని ప్లేటుతో పాటు వాళ్ళ ఉపన్యాసమూ ఖాళీ అయిపోతుంది. అక్కడ ఎవరూ ఎవరినీ మెచ్చుకోరు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే నాలుగు మాటలని కూర్చోబెడతారు. ఎవరి మీద ఏ మాట వేస్తే బెంచీ అంతా నవ్వుతుందో ఓబులేసుకు బాగా తెలుసు. టీతో పాటు ఏళ్ళ తరబడి అదీ పోస్తున్నాడు.

అందుకే ప్రసూన అతని దగ్గరికి వచ్చింది. ఆమె అనంతపురంలోని ఒక సంస్థలో పనిచేస్తుంది. నీళ్ళున్న బోర్లనూ నీళ్ళు లేని చేలనూ పైపులతో కలిపి, వాన ముఖం చాటేసినప్పుడు వేరుశనగకు ఒకటో రెండో తడులు అందరికీ దక్కేలా చేయాలని ఆ సంస్థ ఆలోచన. పైపులు వేశాక రైతులు కొట్లాడుకుని వాల్వులు మూసుకుంటే పడ్డ శ్రమంతా మట్టిపాలు. కాబట్టి ముందు కంప్యూటర్లో ఒక ఊరు కట్టి చూస్తారట. ఊళ్ళో ఒక్కో మనిషికీ అందులో ఒక్కో ఏజెంటు, అంటే కృత్రిమ మేధతో నడిచే బొమ్మమనిషి. గుణం మనం చెబితే మాటా నడతా అదే చూసుకుంటుంది. ఆ ఊళ్ళో వాన ఆపేసి ఎవరేం చేస్తారో చూస్తారు.

రైతులు వేరుశనగ కాయ పీకే పనిలో ఉన్నారు. అడిగితే "మేం మంచోళ్ళమేలేమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఓబులేసు మాత్రం స్టవ్వు సన్నం చేసి, మాట రికార్డయ్యేలా ప్రసూన ఫోను కౌంటరు మీద పెట్టించుకుని, గొంతు సవరించుకున్నాడు.

"శ్రీరంగప్పనా? వాని బోర్లో నీళ్ళు దండిగా ఉండాయి. ఏం లాభం? సొంత నాయన నోట్లో తులసినీళ్ళు పోయాలన్నా కొలత చెంబు తెమ్మంటాడు."

"పక్క చేని మారెమ్మ గారు?"

"ఆయమ్మ నోటికి భయపడే మబ్బులన్నీ కళ్యాణదుర్గం పక్కకు పోతాండాయి."

ప్రసూన నవ్వింది. ఆమె నవ్వేసరికి అతనికి ఇంకా చాలామంది గుర్తొచ్చారు. చివర్లో "మరి మీ గురించి?" అని అడిగితే, "మన గురించి మనం చెప్పుకోకూడదమ్మా" అని, చాలాసేపు చెప్పుకున్నాడు.

ఎండలు ముదిరే ముందు, బడి గది కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడ మీద ఆ ఊరిని రైతులకు చూపించారు. పేర్లు మార్చారు. ఏం ప్రయోజనం? బోరున్న రైతు ఏజెంటు "మా నాయనకైనా కొలిచే పోస్తా" అనగానే వెనకవరసలో నవ్వులు. "ఇది ఓబులేసు మాట కదప్పా!" అన్నారెవరో. ఓబులేసు మీసం దువ్వుకున్నాడు కూడా.

తర్వాత తెర మీద వాన ఆగింది. బోరు రైతు వాల్వు మూసి తాళం వేశాడు. పక్క చేని ఆడమనిషి ఊరందర్నీ తిట్టి పైపు కోసేసింది. మిగిలినవాళ్ళు ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకున్నారు. హోటల్ నడిపే ఏజెంటు ఒక్కటే ఇంటింటికీ తిరిగి, ఊరికే టీలు పోసి, అందరికీ సుద్దులు చెబుతోంది.

మారెమ్మ ముందు వరసలోంచి తల తిప్పింది. "ఈ హోటలాయప్ప ఎవరమ్మా, ఇంత మంచోడు? మా ఊర్లో నేనెప్పుడూ సూడల్యా."

గదంతా నవ్వింది. ఓబులేసు మీసం మీది చెయ్యి దించేశాడు.

శ్రీరంగప్ప నవ్వలేదు. తులసినీళ్ళ మాట అతను బెంచీ మీద ఎన్నోసార్లు పడ్డాడు. పడి, ఓబులేసు పాలల్లో కలిపే నీళ్ళ సంగతి ఎత్తేవాడు. మాటకు మాట చెల్లిపోయేది. కానీ వాళ్ళ నాయన పోయాక ఆ మాట మళ్ళీ ఎవరూ అనలేదు. ఓబులేసు కూడా అనలేదు, శ్రీరంగప్ప ముఖం ఎదురుగా ఉన్నంతసేపూ. ఫోనుకు ముఖం లేదు.

"కంప్యూటర్లో ఎన్నిసార్లు నడిపినా మీవాళ్ళు విడిపోతున్నారండీ," అంది ప్రసూన ఇబ్బందిగా. "పైపులు వేరే మండలానికి ఇద్దామంటున్నారు మావాళ్ళు."

శ్రీరంగప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

ఓబులేసు హోటల్‌కు వచ్చేసరికి భార్య రామలక్ష్మమ్మ బజ్జీలు వేస్తోంది. సంగతి అప్పటికే ఆమెకు చేరింది.

"నేనేమన్నా అబద్ధం చెప్పినానా? ఊరంతా అనే మాటే కదా!" అన్నాడు, ఆమె ఏమీ అనకముందే.

"పోయిన కరువులో మారెమ్మ సేన్లో సెనక్కాయ సెట్లు వాలిపోతే మోటరేసి నీళ్ళు పారించింది ఎవురు?"

"శ్రీరంగడు."

"ఆయమ్మ అడిగిందా?"

"ల్యా."

"టీ క్యాను ఎత్తుకోని నువ్వూ ఆడికి పోతివి కదా. ఆ మాట ఫోన్లో ఎందుకు చెప్పల్యా?"

జవాబు ఉంది గానీ పైకి చెప్పుకునేది కాదు. ఆ రోజు మారెమ్మ గట్టు మీద నిలబడి "నీ మోటరుకు జరమొచ్చిందేమిరా, ఇంత నిదానం!" అని తిడుతూనే ఉంది. శ్రీరంగప్ప పళ్ళికిలిస్తూ కాలవ మడవలు తిప్పుతూనే ఉన్నాడు. ఆ సంగతి బెంచీ మీద చెబితే నవ్వు పుట్టదు. నవ్వు పుట్టనిదేదీ ఓబులేసు గుర్తు పెట్టుకోడు. ఊరందరి గుట్టూ తెలిసినవాణ్ణని తిరిగాడు ఇన్నాళ్ళూ. తెలిసింది ఇంతే.

ప్రసూన ఎదురుగానే అనంతపురం బస్సు కోసం నిలబడి ఉంది. అతను చేతులు తుడుచుకుంటూ పోయాడు. "మేడం, నేను చెప్పిందంతా కొట్టేయండి. మళ్ళా చెప్తా, సరిగ్గా చెప్తా."

"మళ్ళీ మీరే చెబితే అదీ మీరు కట్టిన ఊరే అవుతుంది కదండీ. వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాలి. సోమవారం వస్తాను, పిలుచుకురాగలరా?"

మారెమ్మ "నీళ్ళొస్తాయంటే వస్తా పో" అంది. శ్రీరంగప్ప చేనికి పోవడమే కష్టమైంది. అతను పారతో కాలవ చెక్కుతున్నాడు.

"రంగా, తప్పు మాట్లాడినా."

"ఏ మాట?"

ఫోను ముందు అంత సులువుగా దొర్లిన మాట ఇక్కడ నోట్లోంచి రాలేదు. "నాయన మాట," అన్నాడు చివరికి.

పార ఆగలేదు. "సోమారం వస్తా. పైపుల కోసం. నీ కోసం కాదు."

సోమవారం అదే కౌంటరు మీద ఫోను. "శ్రీరంగడు ఉత్త మూర్ఖుడు. నీళ్ళు మాత్రం ఆపడు," అంది మారెమ్మ. "ఆయమ్మ తిడతాది. తిట్టిన మర్నాడే మా ఎద్దులకు మేతేసి పోతాది," అన్నాడు శ్రీరంగప్ప. మిగిలిన రైతులూ ఇలాగే చెప్పారు. ఆ మాటలతో కంప్యూటర్లో ఊరు మళ్ళీ కడితే అందులో కొట్లాటలేమీ తగ్గలేదు, వాల్వు మాత్రం ఎవరూ మూయలేదు. వానలకు ముందే పైపులు దిగాయి.

ఆ సోమవారం ప్రసూన ఫోను ఆపబోయి ఇంకొకటి అడిగింది. "హోటలాయన కూడా ఊళ్ళో మనిషే కదా. ఆయనెలాంటివారు?"

శ్రీరంగప్ప గ్లాసు వైపు చూశాడు. "టీ బాగుంటాది."

"మనిషి?"

"టీ బాగుంటాది అని రాసుకోమ్మా," అంది మారెమ్మ, లేస్తూ.

ఓబులేసు స్టవ్వు వైపు తిరిగి, ఇంకా కాగని పాలను గరిటెతో కలుపుతూ నిలబడ్డాడు, వాళ్ళు పోయేదాకా.