ఎర్రయ్య ముఖం

కొవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవి. ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. ఇప్పపూలు రాలే రోజుల్లో వాటిని తినడానికి ఎలుగులు చెట్ల కిందికి చేరతాయి, మాకు ఎలుగుబంటి కేసులు వస్తుంటాయి. ఆవపల్లి దగ్గరి ఎర్రయ్య అలాగే వచ్చాడు. పంజా దెబ్బకు చెంపలు చీలి, ముఖ కండరాలను కదిలించే ఫేషియల్ నెర్వ్ రెండు వైపులా తెగింది.

కుట్లు మానినా ముఖంలో కదలిక రాలేదు. రెప్పలు పూర్తిగా పడక కళ్లు ఎప్పుడూ కారుతుండేవి. అందుకని ఆ నీళ్లను బట్టి కూడా అతని లోపల ఏముందో తెలిసేది కాదు. డ్రెస్సింగ్ చేసేటప్పుడు నాడి పరుగెత్తేది. నొప్పి వల్లేనని వదిలేశాను. ముఖంలో బెదురు కనిపించక, ఇతనికి భయమే లేదని, ఇంత ధైర్యవంతుణ్ణి చూడలేదని వార్డంతా చెప్పాను. రౌండుకు వచ్చే కానిస్టేబుల్‌కూ చెప్పాను.

మాది తెలుగు మాట్లాడే భోపాల్‌పట్నం కాబట్టి అతని భార్య ముత్తమ్మ నాతో తెలుగులోనే మాట్లాడేది. ఇంటికి పంపే రోజు అడిగింది.

"తునికాకుకి తోల్కపోవచ్చా సారూ? ఆకు కదిల్తే బిగుసుకపోతుండు. నాకేందో గుబులైతాంది."

"ఎలుగుతో కొట్లాడినోడికి ఆకు చూస్తే భయమా? నువ్వే భయపడుతున్నవ్, తీస్కపో," అని నవ్వాను.

బీడీలు చుట్టే ఆ తునికాకు కోత మొదలైన వారంలోనే ముత్తమ్మ మా వార్డుకు వచ్చింది. ఆమె ఆకు కోస్తుంటే పొద కదిలింది, ఎర్రయ్య గొడ్డలితో అటు వేటు వేశాడు. ఆమె కుడిచెయ్యి దక్కలేదు.

ఎర్రయ్య ఆమె మంచం పక్కన నిలబడ్డాడు, అదే ముఖంతో. భార్యను నరికి ఇంత నిమ్మళంగా ఉన్నాడేమిటన్నాడు కానిస్టేబుల్. ఎలుగనుకుని భయంతో కొట్టాడని ముత్తమ్మ చెబితే, వీడికి భయమే లేదని మీ నర్సే అన్నాడుగా అని నా వైపు చూశాడు.

ముత్తమ్మ నన్ను పిలిచింది. "ఆయన మొకం చూడకు సారూ. ఆయన చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాను. చెమటతో తడిసి, వణుకుతోంది. నాడి లెక్కకు అందడం లేదు.

ఎమోషన్ అంటే ఒక కారణానికి ఒళ్లంతా ఒక్కసారిగా కదలడం. అందులో మనిషి తనకు తానుగా ఎరిగినది ఫీలింగ్. రోజుల తరబడి కమ్ముకుని ఉండేది మూడ్. ముఖం మీద ఎదుటివాడికి కనిపించేది ఎక్స్‌ప్రెషన్. ఎర్రయ్య పోగొట్టుకున్నది ఆ చివరిది ఒక్కటే. మిగతా మూడూ కూడా లేవని నేను ఊరంతా చాటాను.

నేను అన్నది తప్పని అప్పుడే కానిస్టేబుల్‌తో చెప్పాను. ఇప్పుడు జాలిపడి మాట మారుస్తున్నానన్నాడు. ఎర్రయ్యను తీసుకుపోతుంటే ముత్తమ్మ ఎడమచేత్తో అతని చెయ్యి పట్టుకుంది. దాన్ని విడిపించడానికి ఇద్దరు కావలసివచ్చారు.