ముందు పన్ను పీకనివ్వలేదు

పోయిన వేసవి సంగతి. మేం ఎల్బీ నగర్‌లో ఉంటాం. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్ చేస్తాను. ముందు పన్ను పుచ్చి ప్రాణం తోడేస్తుంటే ప్రైవేటు డాక్టరుకు చూపించాను. రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుందన్నాడు. ఆయన చెప్పిన ఖర్చు మావల్ల కాదు. మా ఆయన కంపెనీ బీమా గుండెకు పనికొస్తుంది గానీ పంటికి పనికిరాదట.

సర్కారు దవాఖానకు వెళ్లాను. అక్కడ పళ్ల గది బయట బల్ల మీద అందరినీ వరసగా కూర్చోబెట్టి, చిగుళ్లకు మత్తు సూది వేసి, తిమ్మిరెక్కాక లోపలికి పిలుస్తారు. నాకూ వేశారు. తీరా కుర్చీలో కూర్చున్నాక డాక్టరు పటకారు తీశాడు.

“పీకుతరా? బాగు చెయ్యరా?” అన్నాను.

“రూట్ కెనాల్ సామాను మాకు రావట్లేదమ్మా. ఇక్కడ పీకడమేనండీ.”

నాకు ఒళ్లు మండింది. “కన్ను నొస్తే కన్ను పీకుతరా సార్? పైసలున్నోళ్లకే పండ్లుండాల్నా?” అని అరిచాను. మూతి మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది. చొంగ కారి చీర మీద పడింది. బల్ల మీదివాళ్లంతా తొంగిచూశారు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా కుర్చీ దిగి నిలబడ్డాను.

బయట దవడ పట్టుకుని కూర్చున్న పెద్దాయన కూడా లేచాడు. “నాది గూడ పీకద్దు సారూ!”

డాక్టరు పటకారు పక్కన పెట్టాడు. “నేనూ పైవాళ్లను అడుగుతూనే ఉన్నానమ్మా” అని, పంటిలో తాత్కాలికంగా మందు పెట్టి పంపాడు.

ఇప్పటికీ సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి, సామాను వచ్చిందా అని అడుగుతాను. రాలేదంటే, మళ్లీ వస్తానని నవ్వుతూ చెబుతాను, ఆ పన్ను బాగా కనిపించేలా.