సిస్టరమ్మ అడిగిన వాటా

సంత ముగిసిన మర్నాడు మాంసం అంగళ్ల వరుసంతా కడిగి సున్నం చల్లుతారు. మొన్న అరకులో దగ్గరుండి ఆ పని చేయిస్తున్నాను. తడి నేల మీద సున్నం పడగానే ఘాటైన వాసన ముక్కుకెక్కింది. పక్కన బొంగు చికెన్ అమ్ముకునే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నన్నూ సున్నాన్నీ కలిపి తిట్టుకుంది. నాకు మాత్రం అప్పలనర్సమ్మ గారు గుర్తొచ్చారు. మల్లెపూల వాసనకి మనుషులు గుర్తొచ్చే అదృష్టవంతులు కొందరుంటారు. నా మనిషి సున్నం వాసనకి గుర్తొస్తుంది, ఏం చేయను!

ఆవిడ మా కొండకు వచ్చే నర్సు. శ్రీకాకుళం వైపు పల్లపు ఊరి మనిషి. మేమంతా సిస్టరమ్మ అనేవాళ్లం. బస్సు దిగి, మేం గెడ్డ అనే వాగు దాటి, ఎత్తెక్కి మా ఊరు చేరేసరికి ఆయాసంతో మాట వచ్చేది కాదు. మాట వచ్చాక తిట్లే. ఏ ఇంటికెళ్లినా మనుషుల కంటే ముందు కుండల్ని పలకరించేవారు. మూత తీసి అంబలి వాసన చూసేవారు, నిన్నటిదో మొన్నటిదో ఇట్టే చెప్పేసేవారు. ఓసారి నేను నీళ్ల కుండలో చెయ్యి ముంచుతుండగా పట్టేసుకున్నారు. "ఏటే గుంటా, ఈ గోళ్లతోటేనా నీళ్లు ముంచుతావు? గెడ్డలో మట్టంతా నీ గోళ్లలోనే ఉంది కదే!" అని ఊరందరి ముందూ నా చెయ్యి ఎత్తి చూపించారు. ఏడుపొచ్చింది. అయినా ఆవిడ మళ్లీ వచ్చే రోజున గోళ్లు కత్తిరించుకుని గెడ్డ దాకా ఎదురెళ్లింది నేనే. అంత తిట్టే మనిషి మీద అంత ఇష్టం ఎందుకో అప్పుడు తెలిసేది కాదు.

అప్పట్లో కాన్పులన్నీ ఇళ్లలోనే. ఆవిడ వచ్చాక చాలా ఇళ్లలో బిడ్డ బొడ్డు కోసింది ఆవిడే. మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. బొడ్డు కోసిన మనిషి ఆ ఇంటిని ఎప్పుడైనా ఒక్కసారి ఏదైనా అడగవచ్చు, ఆ ఇల్లు కాదనకూడదు. కొందరు కోడిని అడిగేవారు, కొందరు చీర అడిగేవారు. సిస్టరమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. "ఉండనీండర్రా, ఎప్పుడో అడుగుతాన్లే" అని నవ్వేసేవారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, వానలు మొదలైన రోజుల్లో, మా నాన్న మేకలు మూడు ఒకే పొద్దున పడి చచ్చిపోయాయి. చచ్చిన మేకను పారేయడమంటే మా వాళ్లకు అన్నం నేలపాలు చేయడమే. మేకలు ఎలాగూ పోయాయి, ఊరికి మాంసం పెట్టాడన్న మాటైనా మిగలాలని నాన్న ఆశ. చిన్నాన్న కోశాడు. అడ్డాకులు పరిచి ఇంటికో వాటా వేశారు. అందరి ముఖాల్లోనూ పండగ కళ వచ్చింది. వానాకాలంలో మా ఊళ్లకు మాంసం అంత తేలిగ్గా దొరకదు మరి.

సరిగ్గా అప్పుడే సిస్టరమ్మ వచ్చారు. పక్కన పెట్టిన మేక తలలను చూసి ఆగిపోయారు. ముక్కుల నుంచి కారిన నెత్తురు గడ్డకట్టకుండా నల్లగా అలాగే ఉంది.

"ఎవులూ ముట్టుకోకండి! ఇలాటి మాంసం తినబట్టే అవతల కొండ మీద మనుషులు సచ్చిపోనారు."

నాన్నకు కోపం వచ్చింది. "ఉడకబెట్టుకునే తింటాం కదా సిస్టరమ్మా. మంటలో ఏ రోగం బతుకుద్ది?"

"ఈ రోగం బతుకుద్ది బాబూ. ఉడికినా సావదు. కోసిన సేతులకే పుండ్లు పడతాయి."

ఒక్కరూ కదల్లేదు. ఆకులో పడ్డ వాటా ఆ ఇంటిది, దాన్ని వెనక్కి తీసుకునే అధికారం ఊరి పెద్దకైనా లేదు. సిస్టరమ్మ తిట్టలేదు. ఆవిడ తిట్టకపోవడం చూసి నాకు మొదటిసారి భయం వేసింది. తర్వాత మొదటి ఆకు దగ్గరికి నడిచి, అక్కడున్న ఆమెను అడిగారు.

"నీ కొడుకు బొడ్డు కోసింది ఎవులే?"

"నువ్వే కదా."

"అయితే ఇయ్యాల అడుగుతున్నాను. ఆ వాటా నాకియ్యి."

ఆమె ఆకు వైపు చూసింది, చంకలో పిల్లాడి వైపు చూసింది. వెనక్కి జరిగింది. సిస్టరమ్మ రెండో ఆకు దగ్గరికి వెళ్లారు. ఇన్నేళ్లూ అడగనిదంతా ఆ పూట ఇల్లిల్లూ అడిగేశారు. ఆవిడ బొడ్డు కోయని ఇళ్లవాళ్లు కూడా పక్కవాళ్లను చూసి ఒక్కొక్కరే తప్పుకున్నారు.

చివరికి మా వాటా మిగిలింది. నేను పుట్టేనాటికి ఆవిడ మా కొండకు రాలేదు. నా బొడ్డు కోసింది మా నాయనమ్మ. "మా ఇంటిని అడగడానికి నీకు హక్కు లేదు సిస్టరమ్మా" అన్నాడు నాన్న. మేకలు పోయి, ఇప్పుడు పరువూ పోతోందని ఆయన బాధ.

సిస్టరమ్మ వాదించలేదు. బురదలోనే నాయనమ్మ ఎదురుగా కూర్చున్నారు. "నిజమే అవ్వా, నాకు లేదు. నీకుంది."

నాయనమ్మకు మాంసమంటే ప్రాణం. అయినా నన్ను దగ్గరికి లాక్కుని నాన్నతో అంది, "ఈ గుంట బొడ్డు కోసిన సెయ్యి నాది. నిన్నెప్పుడూ ఏటీ అడగలేదు. ఆ మాంసం నాకియ్యిరా."

నాన్న తల దించుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఊరికి దూరంగా లోతైన గొయ్యి తవ్వించి, గ్లౌజులు తొడుక్కుని, అన్నీ అందులో వేయించి, పైన సున్నం పోయించారు సిస్టరమ్మ. కోసినవాళ్ల చేతులు దగ్గరుండి కడిగించి మాత్రలు మింగించారు. అయినా కొద్ది రోజులకే చిన్నాన్న ముంజేతి మీద నల్లటి పుండు లేచింది. పుండు లేస్తే క్షణం ఆగవద్దని ఆవిడ ముందే చెప్పి ఉంచడం వల్ల బేగి ఆసుపత్రికి దింపారు. బతికాడు. ఆ పుండు చూశాక ఊళ్లో ఎవరూ మాంసం మాట ఎత్తలేదు.

తర్వాతి సంత రోజున ఆవిడ ఎండు చేపల మూట మోసుకుని ఎత్తెక్కి వచ్చారు. మళ్లీ అడ్డాకులు పరిపించారు. అందరూ ఆవిడే పంచుతారనుకున్నాం. మూట తీసుకెళ్లి మా నాన్న ముందు పెట్టి, "నువ్వు పంచు బాబూ, నీ సేత్తోనే" అన్నారు. నాన్న కళ్లలో నీళ్లు నేను చూడటం అదే మొదలు. ఆవిడంటే నాకెందుకంత ఇష్టమో ఆ రోజు తెలిసింది.

నేనూ ఆవిడలాగే ఆరోగ్యశాఖలోకే వచ్చాను, తిండీ శుభ్రతా చూసే ఉద్యోగం. సిస్టరమ్మ లేరిప్పుడు. నా చేతిలో ఫోనుంది, వెనక జీపుంది, పాడైన తిండి పారబోయించే ఉత్తర్వూ ఉంది. అయినా ఏ గడప ఎక్కినా, ఈ ఇంట్లో ఎవరు అడిగితే కాదనరో ముందు కనుక్కుంటాను. "ఏటమ్మా, కుండ సూడ్డానికొచ్చి ముసలమ్మని సూత్తావేటి?" అని నవ్వుతారు. నవ్వనీ. కొండ మీద తనకున్న హక్కంతా ఆవిడ ఒక్క పూటలో మా ప్రాణాల కోసం ఖర్చు పెట్టేశారు. నాది నేను ఇంకా ఇల్లిల్లూ తిరిగి సంపాదించుకుంటున్నాను.