ఏడో వరుసలో సంతకం

షావలికి హెలికాప్టరంటే కంపరం. ఇందుకూరుపేట మండలంలో ఇరవై ఆరేళ్లుగా లైన్‌మన్. మైపాడు దాకా కరెంటు తీగ కింద నడిచి, మెడ ఎత్తి చూసి, ఎక్కడ కొమ్మ తగులుతుందో చెప్పే మొనగాడినని అతని గొప్ప. నిజానికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక రోడ్డు మీద బండి మీంచే చూసేస్తున్నాడు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

మాఘమాసంలో, పొట్ట కింద లేజరు పెట్టె కట్టుకున్న హెలికాప్టరు తీగ వెంబడి ఎగిరిపోయింది. తీగకూ చెట్లకూ, తీగకూ నేలకూ ఎంత ఎడముందో ఆ వెలుతురు కొలిచిందట. రెండు నెలలకు, ఏడు చోట్ల ప్రమాదముందంటూ ఆఫీసు నుంచి కాగితం దిగింది.

"కాళ్లకు మట్టంటని నా కొడుకులు నాకు లైను నేర్పుతారా!" అన్నాడు టీ కొట్టు దగ్గర.

మొదటి చోట సరుగుడు తోటే లేదు. నరికి అమ్మేసి నెల దాటింది. రెండో చోట చెట్టన్నది రాఘవమ్మ గడ్డివామి. "వామిని నరికి రమ్మంటుండారు మారాజులు!" అని ఊరంతా చాటాడు. మిగిలిన అయిదింటికీ ఎండలో తిరగడం దండగని, చదవకుండానే టీ కొట్టు బల్ల మీద 'లైను బాగుంది' అని రాసి సంతకాలు గీకాడు. ఇంకొకడు ఇలా చేస్తే చెప్పుతో కొట్టేవాడు. తను చేస్తే అది అనుభవం.

కాగితం జేబులో పెట్టుకుని పోతుంటే, రొయ్యల గుంట మీద పనిచేసే జ్ఞానప్రకాశం, భుజాన పొడుగాటి ఇనప పైపుతో, అతని బండి ఆపాడు.

"అన్నా, ఈ కట్ట మీద నడస్తా ఉంటే నెత్తిన జుయ్యిమంటా ఉండాది. కొంచెం చూడన్నా."

షావలి తల ఎత్తాడు. తీగ ఎప్పుడూ ఉన్నచోటే ఉంది. "నీ చెవిలో ఈగ దూరిందిలే పో," అంటూనే, గొప్ప కోసం కట్ట ఎక్కాడు. ఎక్కుతూనే ఉన్నాడు. ఒకప్పుడు రెండంగల కట్ట అది. కార్తీకంలో తుఫాను నీళ్లు గుంటలోకి వచ్చాయని ఆసామి దాన్ని నిలువెత్తు లేపాడు. ఎప్పుడూ పైకే చూసే ఈ మొనగాడికి నేల పెరిగిన సంగతి తెలియలేదు.

వెనక్కి తిరిగేసరికి, వెంటే కట్ట ఎక్కిన జ్ఞానప్రకాశం భుజం మీది పైపును నిలబెట్టబోతున్నాడు.

"పడెయ్! పైపు పడెయ్ రా!"

పైపు గుంటలో పడింది. షావలి కట్ట మీంచే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించాడు.

జ్ఞానప్రకాశం వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "దేవుడే పంపినాడన్నా నిన్ను. నా బిడ్డలకు నాయన మిగిలినాడు. గాల్లో పోయేటోళ్లకు ఇది కనపడతాదా? నీ కండ్లు కాబట్టి కనిపెట్టినావు."

షావలి జేబులోంచి కాగితం తీశాడు. మొదటిసారిగా కింది దాకా చదివాడు. ఏడో వరుసలో ఉంది ఈ గుంటే: 'తీగకూ కట్టకూ ఎడం చాలదు.' తన మీద తనకే రోత పుట్టింది. "నేను కాదు అబ్బయ్యా, వాళ్లే చూసినారు," అంటూ కాగితం చేతికిచ్చాడు.

జ్ఞానప్రకాశం ఏడో వరుస చదివాడు. దాని పక్కన 'లైను బాగుంది' చదివాడు. సంతకం చూశాడు. పట్టుకున్న చెయ్యి వదిలేసి, తన అరచేతిని లుంగీకి తుడుచుకున్నాడు.