లోకల్ వచ్చేదాకా

నా చిన్నప్పుడు నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆ రోజుల్లోనే మా మామ్మ పక్షవాతంతో మంచాన పడింది. మాది ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టరు. ఒకే పక్కన పడుకుంటే పుండ్లు పడతాయని డాక్టరు చెప్పాడు. పనుల్లో పడితే గడియారం ఎవరికి గుర్తుంటుంది? అందుకని మా అత్త, అంటే నాన్న చెల్లెలు, ఒక పద్ధతి పెట్టింది. ఇంటి వెనక పట్టాల మీద లోకల్ వెళ్ళినప్పుడల్లా మామ్మను ఇంకో పక్కకి తిప్పాలి. రైలు చప్పుడు వినని చెవి మా ఇంట్లో లేదు.

ఒక ఆదివారం సాయంత్రం అమ్మా అత్తా బజారుకి వెళ్తూ ఆ పని నాకు అప్పగించారు. సరిగ్గా అప్పుడే పక్కింటి దీదీ వాళ్ళ టీవీలో సినిమా. "ఇప్పుడే వొచ్చెత్తాను మామ్మా" అని పరిగెత్తాను. ఏదో చిన్న ఊళ్ళో మంచాన పడ్డ తల్లికి ఒక కూతురు చేసే సేవ ఆ కథంతా. ఆ పిల్ల తల్లికి గంజి తాగిస్తుంటే వెక్కి వెక్కి ఏడ్చాను. వెనక రెండు లోకళ్ళు వెళ్ళాయి. విన్నాను. వినీ లేవలేదు, ఆ సిగ్గు నాకింకా ఉంది.

అత్త వచ్చి అడిగితే తిప్పానన్నాను. కానీ చీర సర్దబోయిన అత్తకు మామ్మ తుంటి దగ్గర ఎర్రగా కమిలిన చోటు కనబడింది. ఆవిడను నెమ్మదిగా ఇటు తిప్పి పడుకోబెట్టింది. ఇక నా వీపు పగులుతుందనుకున్నాను. అత్త ఎదుటి మంచం చూపించింది.

"నువ్వూ పడుకోయే. మళ్ళీ లోకల్ వచ్చేదాకా ఏలు కదిపినావంటే సూడు."

ఇంతేనా అనుకున్నాను. కాసేపటికే ముక్కు మీద దోమ వాలింది. భుజం కింద నులక గుచ్చుకుంది. చెయ్యి తిమ్మిరెక్కి నాది కానట్టయిపోయింది. ఆ పూట లోకల్ ఆలస్యం. నా జన్మలో ఏ బండి కోసమూ అంతలా చెవులు రిక్కించలేదు. ఏడుపొచ్చింది. ఇందాకటి ఏడుపు వేరు, ఇది వేరు.

అత్త వంటింట్లో ఉంది. మామ్మ వంకర పోయిన నోటితో, మాట కూడదీసుకుని, మెల్లగా అంది.

"తిరిగీయే అమ్మీ. నాను సెప్పన్లే."

తిరిగాను. ప్రాణం లేచి వచ్చింది. మళ్ళీ వెనక్కి చూస్తే మామ్మ అలాగే ఉంది, నాతో పాటు మొదలుపెట్టిన ఆ పక్క మీదే. నన్ను తిరగమన్న మనిషికి తను తిరిగే దారి లేదు. లేచి వెళ్ళి, లోకల్ కోసం చూడకుండా, రెండు చేతులూ వేసి ఆవిడను తిప్పాను. ఎంత బరువో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. తుంటి విరిగి మంచాన పడ్డ మా ఆయనను నేనే చూసుకుంటున్నాను. ఓపిక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, రోజూ విసుక్కుంటాను. అయినా పక్క తిప్పమని ఆయన అడిగేదాకా ఆగను. మామ్మ ఒక్కసారైనా అడగలేదు. నేను సినిమాకి పోయిన సంగతీ, మంచం మీద కదిలిన సంగతీ, రెండూ ఎవరికీ చెప్పకుండానే పోయింది.